అదే డంబెల్ నిమిషానికే ఎందుకు బరువెక్కుతుంది?

ప్రశ్న: నా వయసు 41. రెండు నెలలుగా డంబెల్స్‌తో వ్యాయామం చేస్తున్నాను. 4 కిలోల డంబెల్‌ని మోచేయి మడిచి కదలకుండా పట్టుకుంటే మొదట ఏమీ అనిపించదు. నిమిషం దాటేసరికి ఎనిమిది కిలోలు మోస్తున్నట్టుంటుంది. డంబెల్ పెరగలేదు కదా! ఎత్తడం కంటే దించడం తేలిక, కానీ మర్నాడు నొప్పులు మాత్రం నెమ్మదిగా దించిన రోజే ఎక్కువ. ఆఫీసులో తల వాచిపోయిన రోజు సాయంత్రం అదే బరువు మోయలేననిపిస్తుంది. ట్రైనర్ ‘శ్రమ పదికి ఎనిమిది రాగానే ఆపండి’ అంటాడు. దేన్ని చూసి ఆ అంకె చెప్పాలి, మంటనా, ఆయాసాన్నా? పైగా నా ముఖం చూసి ‘ఇంకా రెండు చేయగలరు’ అంటాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది. ఎలా తెలుస్తుంది అతనికి?

జవాబు: ముందు అంకె సంగతి. మంటనూ లెక్కపెట్టకండి, ఆయాసాన్నీ లెక్కపెట్టకండి. ‘ఈ చేతిని ఇలాగే నిలపడానికి నేను ఎంత గట్టిగా పూనుకోవాల్సి వస్తోంది?’ అని మిమ్మల్ని మీరు అడగండి. దానికి వచ్చే జవాబే శ్రమ. మీరు రాసిన మిగతా వింతలన్నీ ఈ ఒక్క తేడాలోనే ఉన్నాయి.

శ్రమ అనేది కండరం మెదడుకు పంపే కబురు అని మనం సహజంగా అనుకుంటాం. చేయి బరువు మోస్తోంది, కాబట్టి చేతి నుంచే కష్టం తెలుస్తోంది అనుకుంటాం. ఇప్పటివరకు దొరికిన ఆధారాల్లో ఎక్కువ భాగం మరో వైపు చూపిస్తున్నాయి. మెదడులోని చలన కేంద్రం కండరానికి ‘బిగుసుకో’ అని ఆజ్ఞ పంపేటప్పుడు, ఆ ఆజ్ఞ నకలు ఒకటి మెదడులోనే అనుభూతిని నమోదు చేసే భాగాలకూ వెళ్తుంది. ఆజ్ఞ ఎంత గట్టిదైతే శ్రమ అంత ఎక్కువ అనిపిస్తుంది. అంటే మీరు కొలుస్తున్నది డంబెల్‌ని కాదు, మీరిచ్చే హుకుంని.

ఇది పాత తగాదాయే. 19వ శతాబ్దంలోనే జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త విల్హెల్మ్ వుంట్ శ్రమ బయటికి వెళ్లే ఆజ్ఞ నుంచి పుడుతుందన్నాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1880లో దాన్ని కొట్టిపారేసి, అంతా కండరాలు, కీళ్లు, చర్మం నుంచి తిరిగి వచ్చే సమాచారమే అన్నాడు. ఆజ్ఞకు నకలు ఉంటుందన్న ఆలోచనను 1950లో ఎరిక్ ఫాన్ హోల్‌స్ట్, హోర్స్ట్ మిటెల్‌స్టేట్ ఒకవైపు, రోజర్ స్పెర్రీ మరోవైపు విడివిడిగా, గట్టి ప్రయోగాలతో ముందుకు తెచ్చారు. వాళ్లు చూసింది చేపల, పురుగుల చూపునూ కదలికలనూ. మనిషి బరువులు ఎత్తడానికి దీన్ని వర్తింపజేసిన వారిలో ఇయన్ మెక్‌క్లోస్కీ, సైమన్ గాండీవియా ముఖ్యులు. 1977లో వీళ్లు క్యురారే మందుతో కండరాలను కొంతవరకు బలహీనపరిచి బరువులు ఎత్తించారు. క్యురారే నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఎత్తిన బరువు మారలేదు, దాన్ని మోయడానికి కండరంలో కావలసిన బిగువూ మారలేదు. అయినా బరువు ఎక్కువగా అనిపించింది. పెరిగిందల్లా బలహీనపడిన కండరాన్ని పని చేయించడానికి మెదడు పంపాల్సిన ఆజ్ఞ. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి బలహీనమైనవారు ఆ చేత్తో చిన్న వస్తువు ఎత్తినా బరువుగా ఉందంటారు. కారణం ఇదే. ‘చెయ్యి బరువెక్కింది’ అని మన భాషలో ఊరికే అనలేదు.

ఇప్పుడు మీ నిమిషం లెక్క చూద్దాం. కండరం ఒకే ముద్ద కాదు. వెన్నుపాములో ఉన్న ఒక్కో నరకణం కొన్ని పోగులను నడిపిస్తుంది. అవన్నీ కలిపి ఒక జట్టు. 4 కిలోలు పట్టుకోవడానికి మొదట చిన్న జట్లు కొన్ని చాలు, పెద్దవి విశ్రాంతిలో ఉంటాయి. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత పనిలోకి దిగుతాయన్న ఈ వరుసను ఎల్‌వుడ్ హెన్నెమన్ కనిపెట్టాడు. సెకన్లు గడిచేకొద్దీ పనిచేస్తున్న పోగులు అలసి, ఒక్కోటీ ఇచ్చే బలం తగ్గుతుంది. చేయి కిందికి జారకుండా ఉండాలంటే కొత్త జట్లను దింపాలి, ఉన్నవాటికి సంకేతాలు మరింత వేగంగా పంపాలి. పైగా ఎక్కువసేపు పనిచేసిన వెన్నుపాము నరకణాలే కాస్త మొద్దుబారతాయి. అదే పని చేయించడానికి పైనుంచి ఇంకా గట్టిగా చెప్పాలి. బిగుసుకున్న కండరం తన రక్తనాళాలనే నలిపేసుకుంటుంది, కాబట్టి కదలకుండా పట్టుకున్నప్పుడు ఇదంతా త్వరగా జరుగుతుంది. బలం స్థిరంగా ఉంటే, ఆజ్ఞ పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదలే మీకు ఎనిమిది కిలోలుగా తోచింది.

ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. రెండు ఒకేలాంటి సంచుల్లో లీటరు నీళ్ల సీసాలు రెండేసి పెట్టండి, ఒక్కో సంచి సుమారు 2 కిలోలు. కుడిచేత్తో ఒక సంచిని మోచేయి 90 డిగ్రీలు మడిచి, చెయ్యి వణికేదాకా పట్టుకోండి. దించి, వెంటనే రెండు చేతుల్లోకీ చెరో సంచీ తీసుకుని పోల్చండి. కుడివైపుది స్పష్టంగా బరువుగా ఉంటుంది. ఇప్పుడు ఎడమ సంచిలో ఇంకొకరి చేత నీళ్ల సీసా ఒకటి, ఆపై అరసీసా వేయిస్తూ పోతే ఎక్కడో రెండూ సమానమయ్యాయనిపిస్తుంది. ఆ అదనపు నీళ్లే మీ కుడిచేతి అలసటకు కొలత. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పోలిస్తే తేడా బాగా తగ్గుతుంది.

దీనికి పూర్తిగా తలకిందులైనది ఇంకొకటి ఉంది, చూడటానికి సరదాగా ఉంటుంది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నిటారుగా కిందికి వదిలి, చేతి వెనకభాగాలతో ద్వారబంధాన్ని రెండు పక్కలకూ నెట్టండి. మోచేతులు మడవకుండా 40 నుంచి 60 సెకన్లు గట్టిగానే నెట్టాలి. తర్వాత అడుగు ముందుకు వేసి చేతులు వదిలేయండి. చాలామందికి ఒకటి రెండు సెకన్లలో చేతులు వాటంతటవే పైకి తేలుతాయి. 1915లో ఓస్కార్ కోన్‌స్టామ్ వర్ణించింది ఇదే. అప్పుడు భుజం కండరం నిజంగానే బిగుసుకుని ఉంటుంది, చేయి బరువునంతా మోస్తూ ఉంటుంది. అయినా శ్రమ అనిపించదు, చేతులు దూదిలా ఉంటాయి. ఎందుకంటే ఆ బిగింపు మీరు పూనుకుని ఇచ్చిన ఆజ్ఞ వల్ల కలిగింది కాదు. కండరం పనిచేయడమూ శ్రమ తెలియడమూ ఒకటి కావనడానికి ఇంతకంటే తేలికైన రుజువు కనబడదు. అందరికీ ఇది జరగదు. రాకపోతే మీలో లోపమేమీ లేదు.

అలాగని కండరం నుంచి తిరిగి వచ్చే సమాచారానికి విలువ లేదనుకోకండి. కండరం ఎముకకు అతుక్కునే చోట ఉండే గోల్జీ అవయవాలు బిగువును కొలుస్తాయి. కండరం లోపలి స్పిండిల్స్ పొడవును, సాగే వేగాన్ని చెబుతాయి. సన్నని నరాలు కొన్ని అక్కడి రసాయన మార్పులను, మంటను, నొప్పిని మోసుకెళ్తాయి. అందుకే ‘ఎంత బలం వేస్తున్నాను’, ‘ఎంత శ్రమపడుతున్నాను’, ‘ఎంత మండుతోంది’ అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మనసు పెడితే వీటిని విడదీసి చెప్పగలం. అలవాటు లేనివాళ్లు మూడింటినీ ఒకే గంపలో వేసి, అందులో ఏది పెద్దగా అరుస్తుంటే దాని అంకె చెబుతారు. ఎక్కువసార్లు అరిచేది మంటే. మండుతున్న తొడలకు ‘తొమ్మిది’ ఇచ్చి, నిజానికి ఇంకో నాలుగు రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా చేసే కొన్ని రెప్స్ కలిపి ఒక సెట్) చేయగలిగే స్థితిలో ఆపేసేది ఇలాగే.

ఎత్తడం, దించడం మధ్య తేడాకు కూడా ఇదే తాళంచెవి. సాగుతూ బిగుసుకునే కండరం, అంటే మీరు డంబెల్‌ని నెమ్మదిగా దించేటప్పుడు ముంజేతిని ఆపుతున్న కండరం, ఒక్కో పోగు మీద ఎక్కువ బలం ఇవ్వగలదు. అందుకే అదే 4 కిలోలకు తక్కువ జట్లు చాలు, ఆజ్ఞ చిన్నది, శ్రమ తక్కువ. కానీ పనిచేస్తున్న ఆ కొద్ది పోగుల మీదే బరువంతా పడి, అవి సాగుతూ బిగుసుకోవడంతో సన్నని చిరుగులు ఏర్పడతాయి. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. ఇక్కడే శ్రమ అంకెను నమ్మితే మోసపోతాం. దించేటప్పుడు ‘పదికి మూడే’ అనిపిస్తుంది కదా అని మూడు సెట్లు అదనంగా వేస్తే మర్నాడు దువ్వెన పట్టుకోలేరు. దించడం మీద దృష్టి పెట్టిన రోజు శ్రమను కాదు, రెప్స్‌నే లెక్కించండి. మొదటి వారం 2 సెట్లు, ఒక్కో సెట్‌లో 6 నుంచి 8 రెప్స్, ఒక్కో దింపుడుకు 3 సెకన్లు. అంతకు మించవద్దు. ఇంకో సంగతి, ఆ నొప్పి రోజుల్లో కండరం నిజంగానే బలహీనంగా ఉంటుంది. మామూలు బకెట్ కూడా బరువుగా తోస్తుంది. అది మీ బద్ధకం కాదు.

ఆఫీసు సాయంత్రం గురించి. 2009లో శామ్యుయెల్ మార్కోరా బృందం 16 మందితో చేసిన ప్రయోగం ఒకటుంది. ఒకరోజు 90 నిమిషాలపాటు ఏకాగ్రత పిండేసే కంప్యూటర్ పని చేయించారు, ఇంకోరోజు అంతసేపూ ఉద్వేగం రేపని డాక్యుమెంటరీలు చూపించారు. తర్వాత సైకిల్‌ను తమ గరిష్ఠ శక్తిలో 80 శాతం దగ్గర తొక్కగలిగినంతసేపు తొక్కమన్నారు. డాక్యుమెంటరీ రోజు సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు, మెదడు అలసిన రోజు 640 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరితిత్తులు, కండరాల కొలతల్లో ఈ తేడాను వివరించేదేమీ కనబడలేదు. మారిందొక్కటే, మొదటి నుంచే శ్రమ ఎక్కువగా అనిపించింది, కాబట్టి ‘ఇక చాలు’ అనే గీతకు ముందే చేరుకున్నారు. అయితే రెండు మూడు సెకన్లపాటు ఒక్కసారి వేసే గరిష్ఠ బలం మీద మానసిక అలసట ప్రభావం చాలా తక్కువ. అందుకే తల వాచిన రోజు ఎక్కువసేపు పట్టుకునే వ్యాయామాలు, పదిహేను ఇరవై రెప్స్ ఉండే సెట్లు పక్కన పెట్టి, 4 నుంచి 6 రెప్స్ ఉండే పొట్టి సెట్లు చేసుకోండి. ఆరోజు అంకె ఒకటి ఎక్కువ పలికినా బరువు తగ్గించాల్సిన పనిలేదు. కాఫీలోని కెఫీన్ శ్రమ అనుభూతిని కొంత తగ్గిస్తుంది, ప్రయోగాల్లో కిలో శరీర బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల మోతాదు వాడతారు. కానీ సాయంత్రం వ్యాయామానికి దాన్ని ఆశ్రయిస్తే రాత్రి నిద్ర పోతుంది, నిద్ర చాలకపోతే మర్నాడు అదే డంబెల్ మళ్లీ బరువెక్కుతుంది. నన్నడిగితే ఆ బేరం గిట్టదు.

ఇక అంకె ఎలా చెప్పాలో చూద్దాం. ముందు మీ ట్రైనర్ వాడుతున్న కొలబద్ద ఏదో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే చలామణిలో ఉన్నవి మూడు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మొదట రూపొందించింది 6 నుంచి 20 వరకు ఉంటుంది. ఆ వింత అంకెలకు కారణం ఉంది, పదితో గుణిస్తే ఆరోగ్యవంతులైన యువకుల గుండె వేగానికి దగ్గరగా వస్తుంది. నడక, సైకిల్ లాంటి వాటికి అది బాగుంటుంది. ఆయనదే 0 నుంచి 10 వరకు ఉండే ఇంకో కొలబద్ద 1982లో వచ్చింది. అందులో 3 మోస్తరు, 5 గట్టిది, 7 చాలా గట్టిది, 10 దాదాపు గరిష్ఠం. బరువులెత్తేవాళ్లు వాడేది మూడోది, మిగిలిన రెప్స్ లెక్క: 10 అంటే ఇంకొకటి కూడా చేయలేను, 9 అంటే ఒకటి మిగిలింది, 8 అంటే రెండు మిగిలాయి. మీ ట్రైనర్ ‘ఎనిమిది’ దాదాపు కచ్చితంగా ఇదే. ‘ఇంకా రెండు చేయగలరు’ అనే మాటతో అది అతికినట్టు సరిపోతుంది. మీరేమో ఇన్నాళ్లూ మంటకు అంకె వేస్తున్నారు.

కొలబద్దకు పైకొస తెలియకపోతే మధ్య అంకెలన్నీ గాలిలో ఉంటాయి. కాబట్టి నిజమైన ‘పది’ని ఒకసారి రుచి చూడాలి. ముల్లు తిరిగే పాతరకం బరువు తూచే యంత్రం ఒకటి గట్టి బల్ల మీద పెట్టండి. డిజిటల్ వాటిలో అంకె ఒకచోట నిలిచిపోతుంది, పనికిరాదు. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, మోచేతులు 90 డిగ్రీలు ఉంచి, అరచేతులతో నొక్కండి. ఒంటి బరువు ముందుకు వాలనివ్వకండి, వాలితే కొలిచేది చేతి బలాన్ని కాదు. రెండు సెకన్లలో బలం పెంచి మూడు సెకన్లు గరిష్ఠంగా ఉంచండి. నిమిషం చొప్పున విరామంతో మూడుసార్లు చేసి, పెద్ద అంకె తీసుకోండి. అది మీ నూరు శాతం. తర్వాత కళ్లు మూసుకుని ‘సగం శ్రమ’ అనిపించేంత నొక్కండి, ముల్లును ఇంకొకరు చదవాలి. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్. ఎస్. స్టీవెన్స్ కొలతల ప్రకారం పిడికిలి బిగించినప్పుడు తెలిసే శ్రమ, బలానికి 1.7 ఘాతంలో పెరుగుతుంది. అంటే బలం రెట్టింపైతే శ్రమ మూడు రెట్లకు పైగా. ఆ లెక్కన సగం శ్రమ అనిపించే చోట బలం సగం కాదు, మూడింట రెండొంతులు. ‘శ్రమ ఐదే కదా, బరువు కూడా గరిష్ఠంలో సగమే అయ్యుంటుంది’ అనే ఊహ పొరపాటు.

రోజూ అంకె చెప్పేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సెట్ చివరి రెప్ జరుగుతుండగానే మనసులో అంకె వేసుకోండి, డంబెల్ దించి నీళ్లు తాగాక కాదు. విశ్రాంతి దొరికిన మరుక్షణం ఆజ్ఞ ఆగిపోతుంది, ఆ శ్రమ ఎంతో గుర్తు కూడా కుంచించుకుపోతుంది. పిడికిలి అవసరానికి మించి బిగించకండి. వేళ్లకు వెళ్లే ఆజ్ఞ కూడా అదే ఖాతాలో పడి మోచేతి వ్యాయామం అనవసరంగా కష్టమనిపిస్తుంది. కదలకుండా పట్టుకునేటప్పుడు మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. అలసట వచ్చేకొద్దీ చేయి తెలియకుండానే దొంగదారి వెతుక్కుంటుంది. ముంజేయి 30 డిగ్రీలు పైకి జారితే మోచేతి మీద భారం సుమారు 13 శాతం, 60 డిగ్రీలు జారితే సగం తగ్గిపోతుంది. నిన్న నిమిషం, ఇవాళ నిమిషంన్నర అని మురిసిపోయే ముందు ఆ కోణం చూడాలి. ఇంకో చిలిపి సంగతి: ఒకే బరువున్న రెండు వస్తువుల్లో పెద్దది తేలికగా అనిపిస్తుంది. 1891లో ఓగుస్తాన్ షార్పాంతియే చూపిన ఈ భ్రమ నిజం తెలిసినా పోదు. కాబట్టి ఇంట్లో సన్నని ఇనుప డంబెల్, జిమ్‌లో లావు రబ్బరు డంబెల్ వాడుతుంటే మొదటి క్షణంలో తోచిన బరువును నమ్మకండి. మొదటి వారాల్లో అంకెలు తప్పడం మామూలే. ముగింపుకు దూరంగా ఉన్నప్పుడు అంచనా ఎక్కువ తప్పుతుంది, ఒకటి రెండు రెప్స్ మిగిలినప్పుడు తప్పు తగ్గుతుంది. పదిహేను రోజులకోసారి, పక్కన ట్రైనర్ ఉండగా, చివరి సెట్‌లో ‘ఎనిమిది’ అని చెప్పి ఆపకుండా కొనసాగించండి. నిజంగా రెండే వచ్చాయో, ఐదు వచ్చాయో చూసుకుంటే మీ అంకె తనంతటతానే దారికొస్తుంది.

ఊపిరి బిగబట్టవద్దు. కదలకుండా గట్టిగా పట్టుకునే వ్యాయామాల్లో రక్తపోటు బాగా పెరుగుతుంది, ఊపిరి బిగబడితే ఇంకా ఎగుస్తుంది. బీపీ ఉన్నవారు డాక్టర్ని అడిగి గానీ గరిష్ఠ బలం పరీక్ష చేయకూడదు. బీటా బ్లాకర్ మందులు వాడేవారికి గుండె వేగం అణిగి ఉంటుంది, వారికి 6–20 కొలబద్దను పదితో గుణించే లెక్క కుదరదు. విశ్రాంతి తీసుకున్నా రోజురోజుకీ మామూలు వస్తువులు బరువెక్కుతున్నా, సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతున్నా, వ్యాయామం తర్వాత మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యీ కాలూ బరువెక్కి, మాట తడబడినా మూతి వంకరపోయినా అది వ్యాయామం అలసట కాదు, పక్షవాతం కావచ్చు. నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా మీ ట్రైనర్ విద్య. అతను రెండు చూస్తున్నాడు. మొదటిది వేగం. శక్తినంతా పెట్టి ఎత్తుతున్నా డంబెల్ పైకి వచ్చే వేగం ముగింపు దగ్గరపడేకొద్దీ తగ్గిపోతుంది. ఇంకా చురుగ్గా వస్తుంటే రెప్స్ మిగిలే ఉన్నాయి. రెండోది మీ కనుబొమలు. 2010లో హెల్మా డి మోరీ, మార్కోరా కాళ్లతో బరువులు ఎత్తిస్తూ, నొసలు చిట్లించే కండరంలో విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. బరువు పెరిగేకొద్దీ, అలసట వచ్చేకొద్దీ ఆ కండరం మరింత బిగుసుకుంది, శ్రమ అంకెలతో పాటే నడిచింది. అంటే మీ నోరు ‘పది’ అంటున్నా నొసలు ‘ఎనిమిది’ అంటున్నట్టు. ఈసారి అద్దం ముందు చేసి, మీ కనుబొమలు ఏ రెప్ దగ్గర ముడిపడుతున్నాయో చూసుకోండి. అక్కడి నుంచి ఎన్ని వస్తున్నాయో రెండు మూడు రోజులు లెక్కపెడితే, అతను చెప్పేలోపే మీరే చెప్పేస్తారు.